ఏడో మంచం ఉపవాసం, ఎనిమిదో మంచం భోజనం

ముందు ప్రమాణం చేసేస్తాను. నా సర్వీసులో ఎక్కించిన సెలైన్ బాటిళ్ళన్నిటి మీదా ఒట్టు. నా చేత ఇంజెక్షన్ చేయించుకుని కూడా నన్ను తిట్టని ఆ నలుగురైదుగురు పుణ్యాత్ముల మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి ముక్కా నిజం. ఈ మాట మా ఆవిడకు చదివి వినిపిస్తే, కూర మాడుతోందంటూ వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద కూరే లేదు. లోపల్నుంచి నవ్వు మాత్రం వినిపించింది. దాన్ని మీరు పట్టించుకోవద్దు.

మోకాళ్ళు మొరాయించడంతో, వయసు ఇంకా మిగిలుండగానే ఉద్యోగం వదిలేశాను. బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక ఆస్పత్రి. పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇంకా నాకు బీపీ ఊరికే చూసి పెడుతున్నారు. ఆ ఆస్పత్రి మగవాళ్ళ జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా నా మంచి వయసంతా గడిచింది. నర్సింగ్ చదివి కొత్తగా డ్యూటీలో చేరుతున్న పిల్లలు ఇప్పుడు మా ఇంటికొచ్చి, “సార్, ఉద్యోగం ఎలా ఉంటుంది?” అని అడుగుతుంటారు. జీతాలూ ప్రమోషన్ల సంగతి ఎవరైనా చెబుతారు. అప్పటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి మన కళ్ళముందే జారిపోతుంటే ఏమవుతుందో, అది నేను చెబుతాను.

పిలుపుల సంగతి

మగ నర్సుని ఏమని పిలవాలో జనానికి ఇప్పటికీ తేలలేదు. బ్రదర్ అనాలన్నది ఆస్పత్రి పద్ధతి. మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను “డాక్టరు గారూ” అనేవాడు. “నేను డాక్టర్ని కాదండీ, నర్సుని” అని చెప్పాను. బాగా ఆలోచించుకుని, ఆ సాయంత్రం నుంచి “సిస్టర్ గారూ” అనడం మొదలుపెట్టాడు. అప్పట్లో నా మీసం ప్రకాశం బ్యారేజీ అవతల ఒడ్డు నుంచి చూసినా కనిపించేది. అయినా పలికాను. మీరూ పలకండి. నొప్పితో పిలిచేవాడి వ్యాకరణం దిద్దడానికి కాదు మనం అక్కడున్నది.

సువార్తమ్మ మేడం

మా హెడ్ నర్సు పేరు సువార్తమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడవు. ఆవిడ వార్డు గుమ్మంలో నిలబడి ఒక్కసారి గొంతు సవరించుకుంటే జ్వరం ఉన్నవాళ్ళకి రెండు డిగ్రీలు దిగేది. థర్మామీటర్ పెట్టి చూసినవాణ్ణి నేను. కిందనున్న ఆటోవాళ్ళు తమకేనేమోనని హారన్లు ఆపేసేవాళ్ళు.

ఆవిడ నాకు నేర్పిన సూత్రం ఒకటుంది. “రాజారావూ, షుగర్ పేషెంటుకి ఇన్సులిన్ ఇచ్చాక ప్లేటు చూడకు, నోరు చూడు. మొదటి ముద్ద లోపలికి పోయేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు.” ఎందుకని అడిగితే, “ఖాళీ ప్లేటు సాక్ష్యం చెప్పదయ్యా” అనేది.

మంచి సూత్రమే. అయితే ముప్పై మంచాలకి ఇద్దరం ఉండే వార్డులో ముప్పై నోళ్ళు చూస్తూ నిలబడితే మిగతా పనులు ఎవరు చేస్తారు? కాబట్టి మేమందరం ప్లేట్లే చూసేవాళ్ళం.

ఆవిడ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. మేడం అరుపుకి పేషెంట్లు భయపడేవాళ్ళు. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక రైతు దాచుకుని చెరకు రసం తాగాడని ఒకసారి అందరి ముందూ దులిపేసింది. ఆ రైతు మళ్ళీ తాగలేదు, నిజమే. కానీ అది విన్న వార్డంతా ఒక పాఠం నేర్చుకుంది. తాగకూడదన్నది కాదు ఆ పాఠం, చెప్పకూడదన్నది. భయపడిన పేషెంటు అబద్ధం ఆడతాడు. అబద్ధం ఆడే పేషెంటు కన్నా ప్రమాదకరమైన జబ్బు నేను చూడలేదు.

పరుపుల ఖాసిం, చేపల నాంచారయ్య

అది రంజాన్ నెల, ఎండాకాలంలో వచ్చింది. బెజవాడ ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా వార్డులో కిటికీ ఊచ మీద తడి తువ్వాలు ఆరేస్తే, వెనక్కి తిరిగేలోగా అది అప్పడం అయ్యేది.

ఏడో మంచం మీద ఖాసిం గారు. వన్‌టౌన్‌లో పరుపులు కుట్టే పని. వయసు అరవై దాటింది, కాలి మీద పుండు, దానికి తోడు షుగర్. చేరిన రోజే పరుపుని రెండుచోట్ల నొక్కి చూసి, “బ్రదర్ గారూ, ఇందులో దూది లేదండీ. ఎవరో పాత కక్షలన్నీ కుక్కి కుట్టేశారు” అన్నారు. ఆ తర్వాత రోజూ దాన్ని చేత్తో సవరించుకోవడం, గుబ్బలు కొట్టి చదును చేసుకోవడం ఆయన పని. ఇన్సులిన్ ఇవ్వబోతే మాత్రం ఒక ప్రశ్న అడిగేవారు.

“ఈ సూదిలో బలానికి మందేమన్నా ఉందాండీ?”

“లేదండీ, షుగర్ తగ్గడానికే.”

“అయితే పొడవండి.”

బలం మందు వద్దనే పేషెంటుని నేను చూడటం అదే మొదటిసారి. మా జనం కళ్ళు తిరిగితే చాలు, బలానికి ఒక బాటిల్ ఎక్కించమని చొక్కా చెయ్యి మడిచి కూర్చుంటారు. వింత మనిషి అనుకున్నానే తప్ప, ఎందుకడిగాడని ఆలోచించలేదు.

ఎనిమిదో మంచం మీద నాంచారయ్య. బందరు దగ్గర ఊరు, చేపల వ్యాపారం. ఆయనకీ కాలి పుండు, ఆయనకీ షుగర్. మాట ఆపడం తెలియని మనిషి. నిద్రలో ఆయన గురక పెడితే కరెంటు పోయినా పైన ఫ్యాన్ తిరిగేది. నేనే కళ్ళారా చూశాను.

ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. ఒకే వంటగది నుంచి ఇద్దరికీ ఒకే భోజనం, కొలత ప్రకారం. ప్లేట్లు రెండూ కడిగినట్టు ఖాళీగా తిరిగొచ్చేవి. కానీ ఒక తమాషా జరుగుతోంది. మధ్యాహ్నం చూస్తే నాంచారయ్య షుగర్ రోజురోజుకీ పెరుగుతోంది. ఖాసిం గారి షుగరేమో పొద్దున్నే పరగడుపున తీసిన రక్తంలో మరీ ఎక్కువ. రాత్రంతా ఏమీ తినని మనిషికి పొద్దున్నే అంత షుగర్ ఏమిటని మా డాక్టర్ హరిత గారు ఇన్సులిన్ మోతాదు పెంచారు. ఆవిడ చేసింది సబబే. ఆవిడ ముందున్న వివరాలకు ఎవరైనా అదే చేస్తారు.

నాంచారయ్యని మేడం నిలదీసింది.

“ఏం తింటున్నావయ్యా?”

“మీరెట్టిందే తింటన్నానండీ! అమ్మతోడు, బయటిది మెతుకు ముట్టలేదండీ!”

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. మేం పెట్టిందే తింటున్నాడు మరి.

చల్లటి చెమట

ఒకరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక వార్డంతా ఎండకి సోలిపోయి ఉంది. నేను ఏడో మంచం పక్కనుంచి వెళ్తుంటే ఖాసిం గారు నన్ను పిలిచారు.

“ఒరేయ్ కుర్రాడా, దబ్బనం ఎక్కడ పెట్టావురా?”

“నేను రాజారావునండీ.”

“ఆ పెళ్ళివాళ్ళ పరుపు సాయంత్రానికి ఇవ్వాలిరా. దబ్బనం తియ్యి.” కళ్ళు నా వైపే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంది. వేళ్ళు దుప్పటి అంచుని కుడుతున్నట్టు కదులుతున్నాయి.

ఒళ్ళంతా చెమట. ఆ రోజు వార్డులో చెమట పట్టని మనిషి లేడు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. నేను నుదురు మీద చెయ్యి వేశాను. పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. ఎండకి పట్టిన చెమట వేడిగా ఉంటుంది. ఖాసిం గారిది కుండ బయట పట్టిన చెమ్మలా చల్లగా ఉంది. తేడా చెయ్యి పెడితేనే తెలుస్తుంది. గుమ్మంలోంచి చూసి “బాగానే ఉన్నాడు” అనుకునే నర్సు ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకున్నవాడితో సమానం.

“మేడం!” అని కేకేశాను. ఆ ఒక్కసారికి నా గొంతు కూడా పొడవైంది. ఇంతలోనే ఆయన తల పక్కకి వాలిపోయింది. పిలిస్తే పలకడం లేదు. గిల్లితే మూలుగు.

సువార్తమ్మ మేడం, ఆవిడ వెనకే డాక్టర్ హరిత గారు పరిగెత్తుకొచ్చారు. కంటిలో లైటు వేసి చూశారు, చేతులెత్తి చూశారు. మూతి ఒక పక్కకి లాగినట్టుంది.

“స్ట్రోక్ కావచ్చు. భోజనం చేశారా?”

“చేశారు డాక్టర్ గారూ. ప్లేటు నేనే చూశాను” అన్నాను.

“అయితే స్కానింగ్‌కి కిందకి తీసుకెళ్దాం. దించే ముందు ఎందుకైనా మంచిది, షుగర్ కూడా ఒకసారి చూడండి.”

స్ట్రెచర్ కోసం ఒకరు పరిగెత్తారు. షుగర్ మిషన్ మా టేబుల్ దగ్గర, వార్డు అవతలి చివర ఉంది. ఏది ముందు? స్ట్రోక్ అయితే ప్రతి క్షణం విలువైనది, తిన్న మనిషికి షుగర్ ఎందుకు పడిపోతుంది, దించేశాక చూసుకోవచ్చులే అని ఒక కాలు స్ట్రెచర్ వైపు వేశాను కూడా. అప్పుడు నాకు ఒక విచిత్రం తోచింది. వార్డు ఇంత గోలగా ఉంటే నాంచారయ్య గొంతు వినబడటం లేదు. బందరు మనిషి పక్క మంచం మీద ఇంత జరుగుతుంటే మాట్లాడకుండా ఉన్నాడంటే సముద్రం వెనక్కి వెళ్ళినట్టే. తిరిగి చూశాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు.

“ఏంటి నాంచారయ్య గారూ?”

తల అడ్డంగా ఊపాడు.

“చెప్పండి!”

చేతులు తీశాడు. “సెప్పనండీ బ్రదరు గారూ. సాయిబు గారికి ఒట్టేసాను. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదని నేను సచ్చినా సెప్పను!”

మేం ముగ్గురం అతని వైపే చూశాం.

“మరి ప్లేటు?” అన్నాను.

“అదీ సెప్పనండీ. రెండు ప్లేట్లూ నేనే తింటన్నానని ఎట్టా సెప్తాను? రోజా ఉపవాసం ఉంటన్నట్టు ఎవరికీ తెలవకూడదని ఒట్టేయించుకున్నాడండీ. అమ్మగారు అరుస్తారని...” అంటూ సువార్తమ్మ మేడం వైపు చూసి మళ్ళీ నోరు మూసుకున్నాడు.

చెప్పనని ఒట్టేసుకుని, ఆ ఒట్టు చెక్కుచెదరకుండా అంతా చెప్పేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మేడం వార్డు అవతలి చివరికి ఎప్పుడెళ్ళిందో, ఎప్పుడొచ్చిందో తెలియదు. మిషన్ నా చేతిలో ఉంది. వేలు పొడిచి చూస్తే అది అంకె చూపించడం మానేసి, కొలవలేనంత తక్కువ అని గుర్తు చూపించింది.

“డెక్స్‌ట్రోజ్! తొందరగా!” అన్నారు హరిత గారు. డెక్స్‌ట్రోజ్ అంటే నరంలోకి ఎక్కించే చిక్కటి పంచదార నీళ్ళే.

చేతికి పెట్టిన పాత సూది చూస్తే మూసుకుపోయి ఉంది. రోజంతా పరుపు సవరించే చెయ్యి కదా, గొట్టం మడతలు పడిపోయింది. కొత్త నరం వెతకాలి. షుగర్ పడిపోయి, నీళ్ళు కూడా తాగని మనిషికి నరాలు ఎండాకాలంలో బుడమేరు వాగులా ఉంటాయి. మొల లోతు ఇసుక తప్ప నీటిచుక్క కనబడదు. చెమటకి చర్మం జారిపోతోంది. మేడం వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన ఊపిరి గుర్రుమంటోంది. నా చెయ్యి వణికిందా? ప్రకాశం బ్యారేజీ స్తంభం వణికితే నా చెయ్యీ వణికింది. ఒక్క పోటు. సూది నరంలో కూర్చుంది. మందు నెమ్మదిగా ఎక్కించాం.

పంచదార నీళ్ళు

షుగర్ పడిపోయిన మనిషి తిరిగి రావడం చూడాలంటే అదృష్టం ఉండాలి. ముందు రెప్పలు కదిలాయి. వేళ్ళు కుట్టడం ఆపాయి. కళ్ళు తెరిచి పైకప్పు చూసి, కింద పరుపుని తడిమి, “ఈ దరిద్రపు పరుపు ఇంకా ఇక్కడే ఉందా?” అన్నారు. హరిత గారు నవ్వారు. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు.

సంగతంతా సాయంత్రానికి నెమ్మదిగా బయటపడింది. ఖాసిం గారు పద్నాలుగో ఏట నుంచి ఒక్క రోజా మానలేదట. సాయంత్రం ఆయన భార్య మస్తాన్‌బీ గారు తెచ్చే క్యారియర్లో సగం దాచుకుని, తెల్లవారకముందే లేచి, ఉపవాసం మొదలయ్యేలోగా తినే సహరీ భోజనం చేసేవారు. ఆ వెంటనే మేం వెళ్ళి, పరగడుపు రక్తమనుకుని తీసుకొచ్చేవాళ్ళం. అంటే మేం ఉపవాసం అనుకున్న వేళ ఆయన కడుపు నిండా తిని ఉన్నారు. మేం తిన్నారనుకున్న వేళ ఉపవాసం ఉన్నారు. ఆ తప్పుడు లెక్క చూసి మందు పెంచాం. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేస్తూనే అందరం కలిసి ఆయన్ని అంచు దాకా తీసుకెళ్ళాం.

“నాకేం ఎక్కించారండీ?” అని అడిగారు ఖాసిం గారు.

అబద్ధం చెప్పాలనిపించింది. అబద్ధం నాకు చేతకాని విద్యేం కాదు. “పంచదార నీళ్ళండీ” అన్నాను.

 “అయితే ఇవాళ్టి రోజా పోయింది” అన్నారు. బలం మందు సంగతి ఆయన రోజూ ఎందుకడిగేవారో నాకు అప్పుడు అర్థమైంది.

అప్పుడే మస్తాన్‌బీ గారు క్యారియర్‌తో గుమ్మంలో అడుగుపెట్టారు. విషయం విని క్యారియర్ బల్ల మీద ఠక్కున పెట్టారు. “జబ్బు మనిషికి మినహాయింపు ఇచ్చింది ఆ దేవుడే కదా? ఆయన ఇచ్చింది వద్దనడానికి నువ్వెవరు? నేను రోజా ఉండి, వంట చేసి, బస్సెక్కి వస్తుంటే, నువ్విక్కడ నన్నే మోసం చేస్తావా? నువ్వు పోతే నీ బాకీ రోజాలు ఎవరు తీరుస్తారు?”

ఖాసిం గారు దుప్పటి తల మీదికి లాక్కున్నారు. దుప్పటి లోపల్నుంచి, “ఆరోగ్యం కుదిరాక బాకీ ఉపవాసాలు ఉంటాలేవే” అని వినిపించింది.

అందరం సువార్తమ్మ మేడం వైపు చూశాం, ఇప్పుడు ఆవిడ వంతని. అద్దాలు పగలకుండా కిటికీ తలుపులు తెరిచి పెడదామా అనుకున్నాను. ఆవిడ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. వార్డులో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

“నాకు చెప్పొచ్చు కదండీ” అంది మెల్లగా. “డాక్టర్ గారితో మాట్లాడేదాన్ని కదా.”

“భయమేసిందమ్మా” అన్నారు ఖాసిం గారు. “చెరకు రసం ఆయన్ని మీరు తిట్టినప్పుడు నేను ఈ మంచం మీదే ఉన్నాను.”

ఆవిడ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ గొంతు తగ్గలేదు కానీ గురి మారింది. మా మీద అరిచేది, పేషెంట్లని అడిగేది. “తిన్నారా?” అని కాదు, “ఇందాక ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు?” అని. తిన్నారా అంటే ఎవడైనా ఊఁ అంటాడు. మీరు నేర్చుకోవాల్సిన ప్రశ్న అదే.

నాంచారయ్య షుగర్ మర్నాటికే దిగడం మొదలుపెట్టింది. భోజనం వచ్చినప్పుడు మాత్రం పక్క ప్లేటు వైపు దిగులుగా చూసేవాడు.

“సాయిబు గారూ, మీ కోసం నేను ఎంత కష్టపడి తిన్నానో మీకు తెలవదు.”

“తెలుసు తమ్ముడూ. ఉప్మా రోజు నువ్వు ఏడ్చావు.”

ఇద్దరూ కాళ్ళు మానిపించుకునే ఇంటికెళ్ళారు. నేను ఉద్యోగం వదిలిన రోజున ఖాసిం గారు ఒక దిండు కుట్టి తెచ్చారు. “ఇందులో దూదే ఉంది, నమ్మండి” అన్నారు. మధ్యాహ్నం దాని మీద తల పెడితే సాయంత్రం టీ వేళకి గానీ లేవడం లేదు. ఇంతకన్నా పెన్షన్ ఏం కావాలి?

ఒక్క అబద్ధం

ప్రమాణం చేశాను కాబట్టి అప్పు ఉంచుకోకూడదు. ఇందులో ఒకచోట కల్పించాను. మీరు అనుమానిస్తున్న చోట కాదు. మీసం నిజమే, పాత ఫోటో ఉంది. నాంచారయ్య ఒట్టు నిజమే. గురకకి ఫ్యాన్ తిరగడం కూడా నిజమే. కిటికీలోంచి గాలి వస్తోందో లేదో చూడలేదంతే.

కల్పించింది నా చెయ్యి గురించి. అది స్తంభంలా లేదు. వణికింది. మొదటి పోటు తప్పింది, రెండోదీ తప్పింది. ఆయన ఊపిరి వింటుంటే నా వేళ్ళు నావి కాకుండా పోయాయి. అప్పుడు సువార్తమ్మ మేడం ఒక్క మాట కూడా అనకుండా తన చెయ్యి తెచ్చి నా మణికట్టు కింద పెట్టింది, పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు పెట్టినట్టు. వార్డంతా వణికించిన ఆ మనిషి చెయ్యి కూడా వణుకుతోంది. రెండు వణుకులూ ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే, ఎందుకో తెలియదు, సూది నిలిచింది. మూడో పోటుకి నరం దొరికింది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా ఎత్తలేదు.

కాబట్టి పిల్లలూ, చెయ్యి వణికితే ఈ ఉద్యోగానికి పనికిరామని ఇంటికెళ్ళిపోకండి. పక్కన ఎవరున్నారో చూసుకోండి. రేపు మీ పక్కన కొత్తగా ఎవరైనా వణుకుతుంటే, ఏమీ అనకుండా మీ చెయ్యి ఇవ్వండి.

ఈ చివరి ముక్క కూడా మా ఆవిడకు చదివి వినిపించాను. ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు.